ఏ సైడు తెలుగు, బీ సైడు ఒడియా

బాబూ,

నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. "ఫోన్ తీస్తే అవే పది పాటలు తిరుగుతున్నాయి, ఈ మధ్య మీకు కొత్తగా దొరికిన పాటలు, సినిమాలు ఏవైనా చెప్పండి" అని అడిగావు. అంతవరకు బాగానే ఉంది. ఆ కింద రాసిన రెండు ముక్కలే నన్ను కూర్చోనివ్వలేదు. "మాది గుణుపురం. తెలుగువాళ్లకి మేం ఒడిశావాళ్లం, ఒడియావాళ్లకి తెలుగువాళ్లం. మాది అని చెప్పుకోడానికి ఒక్క పాటైనా లేదు" అన్నావు. ముందు దానికే జవాబు చెప్తాను. ఎందుకంటే ఏడాదిగా నాకు దొరికిన వాటన్నిట్లోకీ పెద్దది మీ ఊరిదే.

నేను ఆంధ్రా సరిహద్దులో ఉన్న ఒడిశా ఊరు పర్లాకిమిడిలో ఇరవై ఏళ్లపైన రికార్డింగ్ సెంటర్ నడిపాను. క్యాసెట్ల రోజులు పోయాక అదే కొట్లో మెమరీ కార్డులకి పాటలు ఎక్కించాను. ఎవరైనా ఖాళీ నైంటీ (తొంభై నిమిషాల) క్యాసెట్ కొని, కాగితం మీద పాటల పేర్లు రాసిస్తే సాయంత్రానికి నింపి ఇచ్చేవాణ్ని. మా కొట్లో ఒక పద్ధతి ఉండేది. ఎవరూ పెట్టింది కాదు, దానంతట అదే వచ్చింది. ఏ సైడు తెలుగు, బీ సైడు ఒడియా. ఏ సైడు ఘంటసాల, సుశీల ఉంటే బీ సైడు అక్షయ మొహంతి, సికందర్ ఆలం ఉండేవారు. పెళ్లివారిదైనా, బస్సు డ్రైవరుదైనా, గుణుపురం చిన్నరైల్లో పల్లీలు అమ్మే కుర్రాడిదైనా అదే వరస. మహేంద్రతనయ నది దాటి ఆంధ్రాలో పాతపట్నం వెళ్తే మాత్రం ఏ సైడు ఒక్కటే అరిగేది. పైకి, ఒడిశా లోపలికి, మోహన వైపు వెళ్తే బీ సైడు అరిగేది. రెండు సైడులూ సమానంగా అరిగిన క్యాసెట్ వచ్చిందంటే అది మా ఊరి మనిషిదే అని చెప్పగలిగేవాణ్ని.

ఇప్పుడు పాట సంగతి. 'ఇలవేల్పు' అని 1956లో వచ్చిన సినిమా. సుసర్ల దక్షిణామూర్తి సంగీతం. అందులో 'చల్లని రాజా ఓ చందమామ' పాట నీకు తెలియకపోవచ్చు గానీ మీ అమ్మమ్మకి తప్పకుండా తెలిసి ఉంటుంది. దాన్ని నేను ఎన్ని వందల క్యాసెట్లకి ఎక్కించానో లెక్కలేదు. లోపల పెట్టే చీటీ మీద చోటు చాలదు కదా, 'లీల, సుశీల' అని రాసి ఊరుకునేవాణ్ని. మగగొంతు ఎవరిదని అడిగితే ఎ.ఎం. రాజా అని చెప్పేవాణ్ని. ఆ గొంతులో మెత్తదనం అలాంటిది. విన్నవాళ్లు నమ్మారు. నేనూ నమ్మాను.

పోయిన వేసవిలో ఒక రాత్రి కరెంటు పోయింది. డాబా మీద పడుకుని ఇయర్‌ఫోన్లు పెట్టుకుని అదే పాట వింటున్నాను. పాట కింద రాసిన వివరాలు ఎప్పుడూ చూడనివాణ్ని, ఆ రోజెందుకో వేలితో కిందికి లాగాను. పాడినవారు: పి. లీల, పి. సుశీల, రఘునాథ్ పాణిగ్రాహి.

లేచి కూర్చున్నాను. ఆ పేరు నాకు కొత్త కాదు. బీ సైడు చీటీల మీద నా చేత్తో నేనే రాసిన పేరది. జయదేవుడి అష్టపదులు కావాలని వచ్చే ఒడియా పెద్దవాళ్లందరూ అడిగేది ఆయన గొంతే. అంటే ఇన్నేళ్లూ ఒకే క్యాసెట్‌కి అటూ ఇటూ ఒకే మనిషిని ఎక్కించాను, అది ఆ మనిషేనని తెలియకుండా.

ఒక్కచోట కనిపించిందని నమ్మకుండా నాలుగుచోట్ల సరిచూసుకున్నాను. రఘునాథ పాణిగ్రాహి 1932లో పుట్టింది మీ గుణుపురంలోనే. అప్పటికి ఒడిశా రాష్ట్రమే లేదు. గుణుపురం జయపురం జమీందారీలో, విశాఖపట్నం జిల్లాలో, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేనాటికి ఆయనకి నాలుగేళ్లు నిండలేదు. ఊరు ఉన్నచోటే ఉంది, దాని మీద రాసే చిరునామా మారింది. పెద్దయ్యాక మద్రాసు వెళ్లి తెలుగు సినిమాల్లో పాడాడు. 1960లో ఒడిస్సీ నర్తకి సంజుక్తను పెళ్లి చేసుకున్నాడు. ఆవిడ 1944లో మన బరంపురంలో పుట్టిన మనిషి. మద్రాసులో రుక్మిణీదేవి కళాక్షేత్రంలో భరతనాట్యం నేర్చి, కేలూచరణ్ మహాపాత్ర దగ్గర ఒడిస్సీలో తేలింది. ఆవిడ నాట్యానికి పాడాలని ఈయన చేతిలో ఉన్న సినిమా పాటల్ని వదిలేశాడు. వేదిక మీద ఆవిడ ఆడుతుంటే పక్కన కూర్చుని పాడిన గొంతు ఈయనదే. ఆవిడ 1997లో పోయింది, ఈయన 2013లో పోయాడు.

నువ్వు చేయాల్సిన పని ఒకటుంది. ఆ సినిమా పాట విను, వెంటనే ఆయన పాడిన అష్టపది ఏదైనా ఒకటి విను. రెండూ ఫోన్ స్పీకర్లో కాదు, ఇయర్‌ఫోన్లలో. సినిమా పాటలో మైకుకి దగ్గరగా, ఊపిరి తగిలేంత మెల్లగా పాడతాడు. అష్టపదిలో మర్దళ (ఒడిస్సీ మద్దెల) దరువు మీద గొంతు విప్పుతాడు, ఒక్కో అక్షరాన్ని ఊగించి ఊగించి వదుల్తాడు. కానీ పదం ఆఖర్న గొంతును దించే తీరు చూడు, రెండుచోట్లా ఒకేలా ఉంటుంది. పసిబిడ్డను ఉయ్యాల్లో పడుకోబెట్టి చెయ్యి తీసినట్టు దించుతాడు. నాకైతే ఆ దించడంలోనే మనిషి పట్టుబడ్డాడు. తెలుగు పాట వినేవాళ్లకి ఆయన గుణుపురం వాడని తెలియదు, అష్టపది వినేవాళ్లకి తెలుగులో పాడాడని తెలియదు. రెండూ తెలియగలిగిన చోటు మన గుణుపురం రైలు లైను ఒక్కటే. నీకు పాట లేదన్నావే, ఇది నీదే.

రెండోది అందరికీ తెలిసిన పాటే, కానీ సగమే తెలుసు. 2024 ఆఖర్నుంచి దేశమంతా రీల్స్‌లో మోగిన 'ఛీ ఛీ ఛీ రే నానీ'. హైదరాబాదులో, ముంబైలో పెళ్లిళ్లకి కూడా దానికి స్టెప్పులేశారు. చాలామంది అది పశ్చిమ ఒడిశా సంబల్‌పురి అనుకున్నారు. కాదు. అది కోరాపుట్ వైపు మాట, మన పక్క కొండల మీద సంతలో వినిపించే దేశియా. పాడింది సత్యనారాయణ్ అధికారి. 1995లో జయపురం ఆకాశవాణి కోసం రికార్డు చేసిన పాట. వీడియో చాలా ఏళ్ల తర్వాత తీశారు, ఇంకా ఆలస్యంగా అది దేశం కళ్లలో పడింది. రేడియోలో పుట్టిన పాట ముప్ఫై ఏళ్లు ఓపిక పట్టి జనంలోకి వచ్చిందన్నమాట. అందుకే నీకో మాట చెప్తున్నాను: కొత్త పాట అంటే నిన్న విడుదలైనదే కానక్కర్లేదు.

దరువు హుషారుగా ఉంది కాబట్టి అందరూ ఎగిరారు. అర్థం వింటే ఎగరలేం. పేదవాణ్ని వదిలి డబ్బున్నవాడి వెంట వెళ్లిన అమ్మాయిని నిలదీసే పాట అది. ధనం చూశావు గానీ మనసును గుర్తుపట్టలేదు అంటాడు. 'నానీ' అన్న పిలుపు దగ్గర మనవాళ్లు తికమకపడ్డారు. తెలుగిళ్లలో నాని అంటే ముద్దుగా పిలుచుకునే కుర్రాడు. దక్షిణ ఒడిశాలో అక్కని అలా పిలుస్తారు, ఆడపిల్లని పలకరించే మాట. మా మనవడు "తాతా, వీడు నానిని ఎందుకు తిడుతున్నాడు?" అని అడిగితే కూర్చోబెట్టి ఒక్కో చరణం చెప్పాను. వాడిప్పుడు ఆ పాటకి గెంతడు, నాతోపాటు పాడతాడు.

ఇలాంటివి దొరకాలంటే ఏం చేయాలో చెప్తాను. సినిమా పేరుతో వెతకడం మానెయ్. పాడినవాళ్ల పేరుతో, ఊరి పేరుతో, రేడియో స్టేషన్ పేరుతో వెతుకు. వెతికేటప్పుడు ఒడియా లిపిలో వెతుకు. నీ ఫోన్‌లో ఒడియా కీబోర్డు పెట్టుకోవడం రెండు నిమిషాల పని. బళ్లో ఒడియా చదువుకున్నావు కదా, ఆ చదువు ఇక్కడ అక్కరకొస్తుంది. తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి అదే పేరు కొట్టి చూడు, రెండు వేరే ప్రపంచాలు తెరుచుకుంటాయి. పాటల యాప్‌లలో పాత పాటల వివరాలు చాలాచోట్ల తప్పులే ఉంటాయి. నటుడి పేరునే గాయకుడిగా రాసేస్తారు, ముగ్గురు పాడితే ఒక్కరినే రాస్తారు. అందుకని గొంతు మీద అనుమానం వచ్చిందంటే వదలకు. నలభై ఏళ్లు నేను వదిలేశాను.

మూడోది ఫోన్‌లో దొరకదు. దొరికినా సగమే.

గంజాం జిల్లాలో ప్రహ్లాద నాటకం ఆడతారు. జలంతర రాజు రామకృష్ణ ఛోటరాయ పేరు మీద ఉన్న నాటకం, 19వ శతాబ్దిది. చిన్నప్పుడు మా నాన్న భుజాల మీద కూర్చుని కాసేపు చూసి నిద్రపోయాను. మొన్న మొన్న, అరవై దాటాక, ఒక ఊళ్లో మొదటిసారి పొద్దుపొడిచేదాకా చూశాను. మైదానం మధ్యలో మెట్లు మెట్లుగా కట్టిన చెక్క మంచ ఉంటుంది. పై మెట్టు మీద హిరణ్యకశిపుడి సింహాసనం. కింద గాహకుడు, అంటే పాట నడిపే పెద్ద. ఆయన చుట్టూ హార్మోనియం, మర్దళ, తాళాలు, ముఖవీణ. హిరణ్యకశిపుడు ఆ మెట్ల మీద దిగుతూ ఎక్కుతూ పాడి ఆడుతుంటే చెక్కలు దడదడమంటాయి, ఆ చప్పుడు కూడా దరువులో కలిసిపోతుంది. ప్రతి పాటకీ రాగం, తాళం నిర్ణయం. ఒడియా మాటల మధ్య సంస్కృత శ్లోకం వస్తుంది. గాహకుడు పాట ఎత్తుకుని వదిలితే వేషగాడు అందుకుంటాడు.

నన్ను కదిలించింది ఏమిటో చెప్తాను. రాత్రి రెండు దాటాక హిరణ్యకశిపుడు కొడుకుని బెదిరించి, బెదిరించి, ఒక చోట గొంతు మారి బతిమాలతాడు. అక్కడ తీసిన రాగం విని నా పక్కన కూర్చున్న సోంపేట పెద్దాయన "ఇది మన పద్యం ఆఖర్న తీసేదే కదండీ" అన్నాడు. నిజమే. శ్రీకాకుళం ఊళ్లలో హార్మోనియం మీద పద్యం ముగించి, జనం వన్స్‌మోర్ అనేదాకా సాగదీసే ఆ తీగ ఉందే, అదే. మాట ఒడియా, తీగ మనది. లేదా తీగ ఒడియాది, మనం పట్టుకొచ్చాం. ఎవరిదని తేల్చాలని అక్కడ కూర్చున్నవాళ్లెవరికీ అనిపించలేదు. తెల్లారగట్ల నరసింహుడి ముఖం బయటికి తెచ్చే ముందు దానికి పూజ చేశారు. అది తొడుక్కున్న మనిషికి పూనకం వస్తే నలుగురు పట్టుకున్నారు. ఆడవాళ్లు లేచి నిలబడి హుళహుళి అని నోటితో మంగళధ్వని చేశారు. నాకు ఒళ్లు ఝల్లుమంది.

తెలుగు మొదటి టాకీ కూడా ప్రహ్లాదుడి కథేనని నీకు తెలుసు కదా. హెచ్.ఎం. రెడ్డి తీసిన 'భక్త ప్రహ్లాద', 1932 ఫిబ్రవరి 6న విడుదలైంది. సురభి వాళ్ల నాటకం నుంచి వచ్చిన సినిమా అది. తెలుగు తెర మొదటిసారి నోరు తెరిచి చెప్పిన కథా, గంజాం పల్లె రాత్రంతా మేలుకుని చూసే కథా ఒకటే. ఆ ఏడాదే గుణుపురంలో మన రఘునాథుడు పుట్టాడు. ఈ రెంటికీ ఏ సంబంధమూ లేదని తెలుసు, అయినా నా పుస్తకంలో రెండూ ఒకే పేజీలో రాసుకున్నాను.

వేసవిలో ఎప్పుడైనా ఊరొచ్చినప్పుడు గంజాం వైపు చుట్టాల్ని కనుక్కుని వెళ్లు. దుప్పటి, నీళ్ల సీసా పట్టుకుని వెళ్లు. మధ్యలో వీడియో తీయొద్దు. కనీసం ఒక గంట ఫోన్ జేబులో పెట్టి విను.

బరంపురం ఠాకురాణి జాతర గురించి నీకు నేను కొత్తగా చెప్పేదేం లేదు, రెండేళ్లకోసారి నువ్వూ చూస్తూనే ఉంటావు. కానీ 2025 జాతరలో నేను వేషాలు చూడ్డం మానేసి డప్పులే విన్నాను. బుఢీ ఠాకురాణి అమ్మవారికి పుట్టిల్లు తెలుగు నేతవాళ్ల వీధి, ఆవిడని ఇంటి ఆడపడుచుగా తీసుకొచ్చే దేశి బెహెరా ఆ కులపెద్ద. పులివేషం ముందు వాయించే డప్పు ఒక వీధిలో ఒకలా, ఇంకో వీధిలో ఇంకోలా పలుకుతుంది. ఈసారి కళ్లు మూసుకుని తేడా పట్టు.

సినిమాలు అడిగావు. ఒడియా సినిమా చూడనివాడివైతే 'దమన్'తో మొదలుపెట్టు. 2022లో వచ్చింది, బాబూషాన్ మొహంతి హీరో, ఉత్తమ ఒడియా చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. మల్కన్‌గిరిలో బలిమెల రిజర్వాయరు నీళ్లు చుట్టుముట్టి విడిగా ఉండిపోయిన 151 ఊళ్లకి ఒక కుర్ర డాక్టరు మలేరియా మందు మోసుకెళ్లే కథ. 2018లో గురుప్రియ వంతెన తెరిచేదాకా ఆ ఊళ్లకి పడవే దిక్కు. ఆ నీళ్లకి ఇవతల గట్టున ఉన్నది మన ఆంధ్ర కొండలే. సినిమాగా కొన్నిచోట్ల సాగదీశారు, పాటలు నా మనసున అంతగా నిలవలేదు. అయినా చూడమంటాను. ఆ అడవి, ఆ పడవ, జ్వరంతో పిల్లని ఎత్తుకుని నడిచే తల్లి, ఇవి మనకి తెలిసిన ముఖాలు.

'తండేల్' ఎలాగూ చూసే ఉంటావు. 2018లో గుజరాత్ వైపు వేటకెళ్లి పాకిస్తాన్ చేతికి చిక్కిన శ్రీకాకుళం మత్స్యకారుల కథ నుంచి తీసింది, 2025లో వచ్చింది. దేవిశ్రీప్రసాద్ పాటలు అందరూ పాడారు. నేను చెప్పేది దాని తర్వాత చేయాల్సిన పని. బరంపురం దగ్గర గోపాలపురం బీచికి పొద్దున్నే వెళ్లి వల లాగేవాళ్ల దగ్గర నిలబడు. అక్కడి నోళియాలు, అంటే జాలర్లు, తెలుగే మాట్లాడతారు. పూరీలో పెంటకోట వీధిలోనూ అంతే. వల బరువెక్కినప్పుడు ఒకడు ఎత్తుకుంటాడు, మిగతావాళ్లు అందుకుంటారు. అందులో అరవ ముక్కలు, ఒడియా ముక్కలు, మనకే అర్థం కాని పాత తెలుగు ముక్కలు ఉంటాయి. సినిమా పాటలో వినిపించే హైలెస్సాకి బరువు ఎక్కడిదో అక్కడ తెలుస్తుంది.

ఆఖరుగా ఒక కుర్రవాడి సంగతి. కలహండికి చెందిన దూలేశ్వర్ టాండి, రాపర్ దూలే రాకర్ అని పేరు. 2020 లాక్‌డౌన్లో వలస కూలీలు రోడ్లు పట్టి నడుస్తున్నప్పుడు వాళ్ల ఆకలి గురించి, వాళ్లని పట్టించుకోనివాళ్ల గురించి తమ వైపు కోసలి మాటలో పాడాడు. వెనక పెద్ద సంగీతం లేదు. గొంతు, కోపం, అంతే. ర్యాప్ అంటే నాకు గిట్టేది కాదు. మా కొట్లో కూడా ఎవరైనా అడిగితే ఎక్కించేవాణ్ని గానీ వినేవాణ్ని కాదు. ఇది మాత్రం పూర్తిగా విన్నాను. కలహండి, బలంగీర్ నుంచి ఏటా భార్యాబిడ్డలతో తెలంగాణ ఇటుక బట్టీలకి వెళ్లే కూలీలు మన స్టేషన్లలో పొట్లాలు విప్పుకుని తినడం చిన్నప్పట్నుంచి చూశాను. వాళ్ల పాట ఎలా ఉంటుందో అన్నాళ్లూ అడగలేదు. ఈ కుర్రవాడు చెప్పాడు. మాట సగమే అర్థమైనా విను. అర్థం కాని ముక్కలు రాసుకుని మీ ఆఫీసులో పశ్చిమ ఒడిశావాళ్లెవరైనా ఉంటే అడుగు.

ఇంకా చాలా ఉన్నాయి. పర్లాకిమిడి గోపాలకృష్ణ పట్నాయక్ పదాలు, కవిసూర్య బలదేవ రథ్ రాసిన చంపూ అనే పాటల కావ్యం, అందులో క నుంచి క్ష దాకా అక్షరానికొకటి చొప్పున 34 పాటలు. అవి ఒక్క జవాబులో ఒదిగేవి కావు. ముందు ఇవి విను, తర్వాత అడుగు.

నాకు నీ వల్ల కావాల్సిన సాయం ఒకటుంది. మీ ఊళ్లో ఎనభై దాటిన పెద్దవాళ్లు ఇంకా ఉండి ఉంటారు. రఘునాథ పాణిగ్రాహి గుణుపురంలో ఏ వీధిలో పెరిగాడు, చిన్నప్పుడు ఏ గుళ్లో పాడేవాడు, మద్రాసు నుంచి వచ్చినప్పుడు ఆ చందమామ పాటని ఊళ్లో ఎప్పుడైనా పాడి వినిపించాడా, కనుక్కో. ఎవరికైనా గుర్తుంటే వాళ్ల మాటలోనే, వాళ్ల గొంతులోనే ఫోన్‌లో రికార్డు చెయ్. తెలుగులో చెప్తే తెలుగులో, ఒడియాలో చెప్తే ఒడియాలో. నా దగ్గర ఒక డెక్ ఇంకా పనిచేస్తోంది, రెండు ఖాళీ నైంటీలు దాచుకున్నాను. ఆ పాటా, ఆ అష్టపదులూ, నువ్వు పంపే ఆ గొంతులూ ఒకే క్యాసెట్‌కి ఎక్కించి చీటీ మీద ఈసారి పేరు పూర్తిగా రాస్తాను.